మూడో పేరు

అంజిబాబు గారు మా షాపు మెట్లెక్కేసరికే కంపెనీకి పంపాల్సిన జాబితాలో ఆయన గొంతుకు ఎదురుగా ఉన్న గడిలో సున్నా వేసేశాను. ఆ సున్నా వేసేటప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. ఆ మనిషి మీద నాకు ఇరవై రెండేళ్ల కోపం.

నా పేరు లక్ష్మీతులసి. అమలాపురంలో బస్టాండుకు దగ్గరలో మాది టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షాపు. బోర్డు మీద మా ఆయన రామ్‌ప్రసాద్ పేరు ఉంటుంది, నడిపేది నేను. మూడేళ్ల క్రితం వెల్టా అనే కంపెనీ తన గేమ్ పెట్టెలకు కోనసీమ మొత్తానికీ మమ్మల్నే డీలర్లుగా పెట్టుకుంది. టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టె అది. అలాంటివి బజారులో ఇంకో రెండు రకాలున్నాయి. వాటిలో లేనిది, దీనిలో ఉన్నది కబడ్డీ. ఒక పెద్ద కబడ్డీ లీగుతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఆ జట్లు, ఆ ఆటగాళ్లు వెల్టాలో తప్ప మరే పెట్టెలోనూ కనపడరు. దానికి తోడు తెలుగు కామెంటరీ. ఆ గొంతు అంజిబాబు గారిది.

ఆయనది తాటిపాక. వారమంతా అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడి దగ్గర గుమస్తా, ఆదివారం వస్తే మైకు. కబడ్డీ కానివ్వండి, వాలీబాల్ కానివ్వండి, రాజోలు నుంచి కొత్తపేట దాకా ఆయన లేకుండా టోర్నమెంటు జరిగేది కాదు. వచ్చిన జనంలో సగం మంది ఆటను చూడటానికి కాదు, ఆయన నోరు వినడానికే వచ్చేవాళ్లు. ఆ నోట్లోంచి వచ్చే హాస్యమంతా ఒక్కటే రకం. కింద పడ్డవాణ్ణి పట్టుకుని నలుగురిలో నలిపెయ్యడం.

నాకు పెళ్లయిన ఆరో రోజున నగరం అనే ఊళ్లో కబడ్డీ పోటీలు. కొత్త పెళ్లికూతురిని కదా, ఆడవాళ్ల మధ్యలో పట్టుచీరలో కూర్చున్నాను. మా ఆయన కూతకు వెళ్లి, కాలు జారి బోర్లా పడ్డారు. మైకు వెంటనే అందుకుంది. "అదిగోనండి, బొండాం దొర్లిందండీ! కత్తి తెచ్చినోళ్లు ఎవరైనా ఉన్నారేటండీ?" ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి మా ఆయన బొండాం రామ్‌ప్రసాద్. మాది బొండాం గారి షాపు. బళ్లో మా అమ్మాయి బొండాం గారి అమ్మాయి. వాళ్లింటి పెళ్లి శుభలేఖ మీద కూడా మా ఆయన పేరు అలా రాసి ఇచ్చినవాళ్లున్నారు. మా ఆయన నవ్వి ఊరుకుంటారు. కొత్తవాళ్లకు షాపు దారి చెప్పేటప్పుడు ఆయనే ఆ పేరు వాడతారు కూడా. నేను నవ్వను.

ఒప్పందం కాగితాల మీద అంజిబాబు గారు సంతకం పెట్టింది మా షాపులోనే. విజయవాడ నుంచి వచ్చిన మేనేజరు ఆయనకు దండ వేశాడు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మేనేజరు నోటితో చెప్పిన నాలుగు ముక్కలు విని ఆయన సంతకం పెట్టేశారు. డీలరుకు వచ్చిన నకలు నేను మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను. సంగతి ఇది: మూడేళ్ల పాటు ఆయన ఎక్కడా మైకు పట్టుకుని ఆటకు వ్యాఖ్యానం చెప్పకూడదు. ఆ గొంతు పెట్టెలో తప్ప బయట దొరకకూడదు. గడువు తీరేటప్పుడు డీలరు ఒక జాబితా పంపాలి. ఆ గొంతు కోసమే కొన్నామన్నవాళ్లు అందులో ముగ్గురున్నా చాలు, కంపెనీ ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చు. ఆయన్ని అడగక్కర్లేదు. ముగ్గురు లేకపోతే ఆయన దారి ఆయనది. మేనేజరు ఆయనకు చెప్పిందల్లా మైకు పట్టుకోకూడదన్నది, ఈ ముగ్గురి లెక్క.

మొదటి ఏడాది ఆయన బాగానే తిరిగారు. కనపడిన ప్రతివాడికీ, "మనం ఇంక ఊళ్లో దొరకమండి, పెట్టె కొనుక్కోవాల్సిందే" అని చెప్పుకున్నారు. రెండో ఏడాది మైకు శ్యామ్ బాబు చేతికి వెళ్లింది. శ్యామ్ బాబు ఆయన వెనకాల స్కోరు చీటీలు అందిస్తూ నేర్చుకున్నవాడే. మూడో ఏడాది అంజిబాబు గారు టోర్నమెంట్లకు వచ్చి చివరి వరసలో కూర్చోవడం చూశాను. ఆట జరుగుతుంటే పెదాలు కదిపేవారు. పక్కవాళ్లు చూసి, ఏదో మంత్రం చదువుకుంటున్నారనుకునేవాళ్లు.

జాబితా పంపాల్సిన రోజుకు ముందు రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ, పూతరేకుల పెట్టె పట్టుకుని ఆయన వచ్చారు.

"తులసి గారూ, ఒక్క సాయం చెయ్యాలండి" అన్నారు, కుర్చీ చివర కూర్చుని. "నా గొంతు కోసం ఎవరూ కొనలేదని రాసెయ్యండమ్మా. పది రోజుల్లో రాజోల్లో పోటీలు. ఈ గడువు తీరిపోతే నేనే చెప్తానని కమిటీ వాళ్లకి మాటిచ్చేసేను. మైకు పట్టుకోపోతే నాకు అన్నం సహించట్లేదండి. నిజం చెప్తున్నాను."

"దానికేం భాగ్యమండీ" అన్నాను. "రాసేశాను కూడానండి."

కాగితం ఆయన వైపు తిప్పాను. అరవై పెట్టెలు అమ్మాం. ఎందుకు కొన్నారు అన్న ప్రశ్నకు ఇరవై మంది ధర అన్నారు. కబడ్డీ లీగు దీనిలోనే ఉందని పంతొమ్మిది మంది. మిగతావాళ్లు స్నేహితుడి ఇంట్లో చూశామని, రంగు బాగుందని, వాయిదాల మీద ఇస్తున్నారని. లీగు కోసం కొన్నవాళ్ల సంగతీ నాకు తెలుసు. "పక్కింటోళ్ల పెట్టెలో ఇది రాదు గదండీ? అయితే ఇదే ఇవ్వండి" అని అడిగి పట్టుకెళ్లినవాళ్లే ఎక్కువ. వాళ్లు కొన్నది కబడ్డీని కాదు, పక్కింటివాడికి లేకపోవడాన్ని. ఏమైతేనేం, ఆ ఒప్పందం పంతొమ్మిది పెట్టెలు అమ్మిపెట్టింది. తెలుగు కామెంటరీ గడిలో సున్నా.

అంజిబాబు గారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "హమ్మయ్య. మీ మేలు మర్చిపోనండి." లేచారు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చారు.

"నా కోసమని ఇలా రాసేరు గదండీ? అసలు అంకె ఎంతండీ?"

అడక్కుండా వెళ్లిపోయి ఉంటే ఆ రోజే బయటపడేవారు.

"అసలు అంకె అదేనండి" అన్నాను.

"ఒక్కళ్లు కూడానా?"

"మీకు అనుమానంగా ఉంటే ఫోన్ చేద్దామండి. మీరే వినండి."

వద్దనలేదు. స్పీకరు పెట్టి ముందు ఎలీసమ్మకు చేశాను. కువైట్ నుంచి సెలవుకు వచ్చి, ఇద్దరు కొడుకుల కోసం పెట్టె కొన్న మనిషి. "ఆయ్, చెప్పండి మేడం గారూ. కామెంటరీయా? అదేటండీ? ఓ, ఆ గోలా! మొదటి రోజే ఆపేసేరండి పిల్లలు. అప్పటిగ్గాని ఇల్లు ప్రశాంతం కాలేదు" అంది.

తరువాత సాలమోను. మామిడికుదురులో ట్రాక్టర్లు తిప్పుతాడు. "దాంట్లో తెలుగు కూడా వస్తదేటండీ? మావోళ్లు ఇంగ్లీషులో పెట్టుకున్నారండి. స్టయిలుగా ఉంటదంట."

అంజిబాబు గారు పూతరేకుల పెట్టె మీది దారాన్ని విప్పుతూ, మళ్లీ ముడి వేస్తూ కూర్చున్నారు. ఇక చాలు అనాల్సింది నేను. అనలేదు. మనవడి కోసం కొన్న ప్రభాకరరావు మాస్టారికి కూడా చేశాను.

"విన్నానండి, శుభ్రంగా విన్నాను" అన్నారు మాస్టారు. "మాట బాగానే ఉంది. కానీ ఎదుటోడు పడితే నవ్వుతాడేటండీ అస్తమానూ? మావాడు చిన్నోడు. ఓడిపోయినప్పుడల్లా ఆ వెటకారం విని ఏడ్చేవోడండి. నేనే దగ్గరుండి తీయించేసేను. ఎవరండీ ఆయన, మనూరి వైపోడేనా?"

"తెలియదండీ" అని పెట్టేశాను.

 అంజిబాబు గారి ముఖం చూశాను. ఈ ముఖం కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నానని అప్పుడు తెలిసింది. జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను కూడా.

"తులసి గారూ" అన్నారు. "సున్నా మాత్రం వద్దండి. ఒకటి వెయ్యండి. ఒకటుంటే ఏం కాదు గదా, ముగ్గురైతేనే గదా?"

"ఊరికే వెయ్యడానికి లేదండి. కొన్నవాళ్ల పేరు, ఫోను నంబరు ఉండాలి. కంపెనీ వాళ్లు ఫోన్ చేసి అడుగుతారండి."

"అయితే నాకే ఒక పెట్టె ఇవ్వండి."

ఆయన ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ. దానికి ఈ పెట్టె తగలదు. ఆ మాట చెప్పకుండా వాయిదాల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. కొన్నవారు: అంజిబాబు. కారణం: తెలుగు కామెంటరీ. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నారు.

అంతలో మా ఆయన భోంచేసి వచ్చారు. సంగతంతా విని, పాపం, కుర్చీ దగ్గరకు లాక్కుని అంజిబాబు గారి భుజం మీద చెయ్యి వేశారు. "షాపులో డెమోకి పెట్టిన పెట్టె నా పేరు మీదే ఉంది గదా తులసీ. నాది కూడా ఈయన ఖాతాలో రాసెయ్. నాకు నిజంగానే ఇష్టం. రోజూ వింటాను."

"బొండాం గారూ..." అన్నారు అంజిబాబు గారు.

నా భర్త పేరు రామ్‌ప్రసాద్ అని ఆ మనిషికి ఆ క్షణంలో కూడా గుర్తు రాలేదు.

రెండో పేరు రాశాను. ఇద్దరూ నిశ్చింతగా కూర్చుని పూతరేకులు తింటున్నారు. మా ఆయన టీ చెప్పడానికి వీధిలోకి వెళ్లారు. అప్పుడు పెన్ను మూత పెట్టకుండా, ఎంతో మర్యాదగా అడిగాను.

"రామచంద్రపురంలో మా చెల్లెలికి నేను కూడా ఒక పెట్టె కొనిచ్చానండి, నా పేరు మీదే. ధర అని రాశాను గానీ, నిజానికి మీ గొంతు ఉందనే కొన్నానండి. అది కూడా రాయమంటారా?"

ఆయన నమలడం ఆపేశారు. మూడంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. మూడేళ్లంటే ఆయన వయసు యాభై ఎనిమిది నుంచి అరవై ఒకటి. ఈ లోగా శ్యామ్ బాబు మాటలే జనానికి అలవాటైపోతాయి. అదంతా ఆయన కళ్లల్లో కనపడింది. దానితో పాటు ఇంకొకటి కూడా కనపడింది. మొదటి పేరు ఆయనదే, రెండోది జాలి. మూడోది ఒక్కటే బయటి మనిషి పేరు.

"నిజంగానే కొన్నారాండీ?" అన్నారు.

"మీ మీద ఒట్టండి."

"నిజంగా నా కోసమేనా?"

"మీ కోసమేనండి."

కాగితం వైపు చూశారు. వీధిలోకి చూశారు. ఎలీసమ్మ, సాలమోను, మాస్టారు అన్న మాటలు ఇంకా షాపులోనే ఉన్నాయి.

"రాయండమ్మా" అన్నారు.

రాశాను. ఆయన చెంగుమని లేచి రెండు చేతులూ జోడించారు. టీ తాగకుండానే, గేమ్ పెట్టె చంకన పెట్టుకుని తాటిపాక బస్సు ఎక్కారు. మా ఆయన వచ్చి కాగితం చూసి, "ఇదేం పని తులసీ?" అన్నారు. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మరునాడు పొద్దున్నే కాగితం విజయవాడ పంపించాను.

వారం తిరక్కుండా పొడిగింపు ఉత్తరం వచ్చింది.

రాజోలు పోటీలకు మా షాపు తరఫున కూలరు బహుమతి. అందుకని నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. సాయంత్రం, ఫైనలుకు ముందు, జనం కిటకిటలాడుతున్నారు. అంజిబాబు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలోకి వచ్చారు. శ్యామ్ బాబు చూసి మైకులో అరిచాడు.

"మా గురువు గారు వచ్చేరండి! ఈ నోటికి అక్షరాలు నేర్పింది ఆయనేనండి! ఒక్కసారి వేదిక మీదకొచ్చి అందరికీ నమస్కారం చెప్పాలని కోరుతున్నానండి!"

జనం ఈలలు వేశారు. చప్పట్లు నిజమైనవే. ఇన్నేళ్లలో ఆయన కోసం అంత పెద్దగా కొట్టడం నేను వినలేదు. ఆయన మెట్లెక్కారు. శ్యామ్ బాబు మైకు అందించాడు. ఆయన చెయ్యి చాచి, దాని దగ్గర ఆపేసి, నా వైపు చూశారు. అక్కడ కంపెనీ మనిషిని నేనే. చెప్పచ్చా అని కళ్లతోనే అడిగారు. చిన్నపిల్లలు అడిగినట్టు అడిగారు.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మైకుకు దూరంగా జరిగి జనానికి ఊరికే దండం పెట్టారు. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత వెనకాల నుంచి ఒకడు, "పెద్దోడైపోయేడ్రా! నమస్కారం చెప్పాలన్నా డబ్బులు కట్టాలేమో!" అని అరిచాడు. నవ్వులు మొదలయ్యాయి. శ్యామ్ బాబు కూడా మైకు నోటి దగ్గరే పెట్టుకుని నవ్వాడు. అది ఊరంతా వినపడింది.

ఒప్పందంలో ఉన్నది ఆటకు వ్యాఖ్యానం చెప్పకూడదని. నమస్కారం చెప్పకూడదని ఎక్కడా లేదు.