రూతు కొంగు

రత్నమణి ఆ బొమ్మను రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పైకెత్తింది.

"ఇదేనా నాయనా రూతు? పరిగె ఏరే ఆడమనిషి నడుం వంచుతాది గానీ, బస్సు కోసం కాసుకున్నట్ల కుదురుగా కూర్చుంటాదా?"

బొమ్మల సినిమా నేర్పడానికి కర్నూలు నుంచి వచ్చిన వసంతకుమార్ బొమ్మ నడుములోని తీగను వంచి చూపాడు. ఒక ఫొటో, వెంట్రుకవాసి కదలిక, మళ్లీ ఒక ఫొటో. అలా వందలు తీసి వరసగా ఆడిస్తే బొమ్మ తనంతట తానే కదిలినట్టు కనిపిస్తుందట.

"అంతసేపట్లో మా ఊరి ఆడోళ్లు చేనంతా ఏరుకోని ఇంటికి పోతారు," అంది రత్నమణి.

మైదుకూరు దగ్గరి ఆ పల్లె చర్చిలో ఇరవై రెండేళ్లుగా ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పేది ఆమే. ఇప్పుడు పాస్టరు అయ్యగారికి బొమ్మల సినిమా పిచ్చి పట్టింది. ఇది నేర్చుకున్నవాళ్లకే ఇకమీద పిల్లల తరగతి అనేశారు. మొదటి సినిమా రూతు కథ, కోతల తర్వాత బోయజు చేలో రాలిన కంకులు ఏరుకుని అత్తను సాకిన విధవ కథ. నేర్చుకోవడానికి వచ్చింది ఇద్దరే. ఆమె, డిగ్రీ చదివే ఆరాధన. "విగ్రహాలు చేయొద్దని కదా అయ్యగారూ ఆజ్ఞ?" అని అడిగితే, "దానికి మొక్కుతామా ఏంది?" అని ఆయన నవ్వేశారు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అయినా తరగతి పోతుందన్న భయంతో ఆ రూతుకే మళ్లీ తీగ మెలిపెట్టింది, స్పాంజి చుట్టింది, పాత చీర పీలికతో కొంగు కుట్టింది. కుట్టినంతసేపూ సణిగింది.

రెండోరోజు పొద్దున్నుంచి రూతు ఇసుక పోసిన బల్లమీద వంగి వంగి కంకులు ఏరుతూనే ఉంది. మధ్యాహ్నం అయ్యగారు వచ్చి అందరినీ ప్రార్థనకు నిలబెట్టారు. రత్నమణి తలమీదికి కొంగు లాక్కుంది. ఆరాధన చున్నీ కప్పుకుంది. కళ్లు మూయబోతూ, బల్లమీద ఉత్త తలతో ఉన్న మూడో ఆడమనిషిని చూసింది రత్నమణి. తరగతిలో ఏ ఆడపిల్లకైనా చేసినట్టే చెయ్యి చాచి దాని కొంగు కూడా తలమీదికి లాగింది. ఆమెన్ అన్నాక ఆ సంగతే గుర్తులేదు, మిగతా ఫొటోలు అలాగే సాగిపోయాయి.

సాయంత్రం వసంతకుమార్ అంతా ఆడించాడు. రూతు వంగింది, కంకి తీసింది, ఉన్నట్టుండి కొంగు దానంతటదే ఎగిరి తలమీద కూర్చుంది.

"ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. ప్రార్థన కదప్పా."

"స్పాంజి ముక్కకు ప్రార్థనేంది పెద్దమ్మా! సగం రోజు పని మట్టిపాలు. రేపు నేను ఊరికి పోవల్ల. నీకు ఇది రాలేదనే అయ్యగారికి చెప్తా."

రత్నమణి ముఖం కందిపోయింది. రెండు రోజులుగా ఆటబొమ్మ అని ఈసడించింది తనే. మరి దాన్ని ప్రార్థనలో ఎందుకు కలుపుకుంది? తప్పు చేశానా ప్రభువా అని లోపలే అడిగింది. తప్పయినా కాకున్నా, తరగతి మాత్రం పోయేలా ఉంది.

"ఉండప్పా. నడాన కొన్ని ఫొటోలు ఇరికించొచ్చునా?"

"ఇరికించొచ్చు. ఎందుకు?"

"చేను ఆసామి బోయజు వస్తాండాడు కదా. ఆయప్పను చూసి ముసుగేసుకుంటాది."

ముసుగుకు ముందటి ఫొటోను తెరమీద పెట్టించి, బొమ్మను అచ్చం అదే తీరుకు తెచ్చింది. రూతు రెండు చేతుల్లోనూ కంకులున్నాయి. అలాంటప్పుడు ఆడమనిషి మోచేత్తో కొంగు ఎగదోసి, జారకుండా అంచును పళ్లతో పట్టుకుంటుంది. వసంతకుమార్‌కు అది తెలియదు. రత్నమణి మైనం చుక్కతో అంచును బొమ్మ నోటికి అంటించింది, తర్వాతి పాత ఫొటోకు అతికేలా చివరి రెండు ఫొటోల్లో వదిలించింది. మొత్తం పద్దెనిమిది. మెడ పట్టేసింది.

ఈసారి ఆడిస్తుంటే అయ్యగారూ వచ్చి చూశారు.

"ఆ ముసుగు ఎవరు చేసినారు?"

వసంతకుమార్ నోరు తెరిచేలోపు ఆరాధనే ముందు అంది, "పెద్దమ్మ. నాకు రాదు అయ్యగారూ అది. తరగతి ఆమెకే ఉంచండి."

అయ్యగారు తలూపారు.

"నువ్వేంది నాకు దానమిచ్చేది?" అని ఆమెను గద్దించింది రత్నమణి. "కత నేను చెప్తా. బొమ్మను నేను కదిలిస్తా. నువ్వు బటన్ నొక్కు, చెయ్యి వణక్కుండా." తర్వాత వసంతకుమార్ చేసిపెట్టిన బోయజును ఎగాదిగా చూసింది. "ఈయప్ప చేను ఆసామి గదా. కాళ్లకు మట్టి యాడ నాయనా?"