కొంగున ముడేసిన వత్తి

తబిత చేతిలో పనితనం ఉంది, కాదనేవాళ్ళు కొవ్వూరులో లేరు. ఆ మాట పదిమంది నోటా వినాలన్న యావ మాత్రం పనితనం కంటే ఒక పిసరు ఎక్కువే. భర్త విజయ్ పాల్ బడికి, కూతురు మెర్సీ కాలేజీకి వెళ్ళాక వంటింటి గట్టంతా ఆవిడదే. ఫోన్లో వీడియోలు చూసి కొవ్వొత్తులు చెయ్యడం నేర్చుకుంది. అవీ మామూలువి కావు. బేకరీ అద్దాల వెనక వరసగా పెట్టే కేకుల్లాంటివి.

అందులో కష్టమంతా కేకు పొడిలా కనపడేలా పైన చల్లే మైనం పొడి దగ్గరే. కరిగించిన మైనం పళ్ళెంలో పోసి, సగం గట్టిపడగానే ఫోర్కుతో రక్కాలి. తొందరపడితే ముద్దవుతుంది, ఆలస్యమైతే పెచ్చులు లేస్తుంది. రంగంతా ఒకేలా ఉంటే ఎవరూ నమ్మరు. కొంత లేతగా, కొంత ఎర్రగా, అక్కడక్కడ మాడినట్టు ఉండాలి. కింది మైనం పేరుకునే నెయ్యిలా తెల్లబడుతున్నప్పుడే ఆ పొడి చల్లాలి. వేడి మీద చల్లితే కరిగిపోతుంది, చల్లారాక చల్లితే రాలిపోతుంది. నెల రోజులు మైనం తగలేశాక తబితకి ఆ అదను చిక్కింది. కాగితపు కప్పుల్లో ఆరు కప్ కేకులు తయారయ్యాయి. దాల్చినచెక్క వాసన కూడా పట్టించింది.

చర్చిలో కోతల పండుగ నాడు వాటిని పళ్ళెంలో పెడుతుంటే, మెర్సీ ఒక చీటీ రాసి అంచుకి అంటించింది. "కొవ్వొత్తులు. తినకూడదు" అని.

"అది ఉంటే ఇంక సరదా ఏముందే?" అని తబిత చీటీ పీకేసింది. ప్రార్థన అయ్యి అందరూ కేకులనుకుని మెచ్చుకుంటుండగా ఒకటి తీసి అగ్గిపుల్లతో వెలిగించాలని ఆవిడ ఆలోచన. అందుకే వత్తులు పొట్టిగా కత్తిరించి పొడి కింద దాచింది. అగ్గిపెట్టె హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

బల్ల మీద గుమ్మడికాయలు, అరటి గెలలు, ఆత్రేయపురం పూతరేకులు. బల్ల కింద కాళ్ళు కట్టిన కోడిపుంజులు. వాటన్నిటి మధ్యా తబిత పళ్ళెం పెళ్ళికూతురిలా కూర్చుంది. స్త్రీల సమాజం పెద్ద సంపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది.

"ఏ బేకరీలో నేర్చుకున్నావమ్మా?"

"నేర్చుకోవడమేంటండి, చేతికి అలా వచ్చేసిందంతే" అంది తబిత. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ సంఘంలో ఒక అలవాటుంది. ధాన్యం, కోళ్ళు వేలానికి పోతాయి. తినేవి మాత్రం ప్రార్థన అయిన వెంటనే అందరికంటే పెద్ద వయసు ఆడమనిషి చేతిలో పెడతారు. ఆవిడ ఎంగిలి పడ్డాకే మిగిలినవాళ్ళకి. ఏటా పూతరేకులతో మొదలుపెట్టే పాస్టరు జ్ఞానప్రకాశం గారి చెయ్యి ఈసారి నేరుగా తబిత పళ్ళెం మీదికి వెళ్ళింది. అందం అటువంటిది మరి.

ముందు చాప మీద కూర్చున్న పాపాయమ్మ రెండు చేతులూ చాపింది. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. కళ్ళకి పొర కమ్మింది. కాగితం వలిచి, ఉన్న నాలుగు పళ్ళతో పైభాగం కొరికింది.

"అయ్యగారూ, అది మైనమండీ" అంటే సరిపోయేది. తబిత నోరు తెరిచింది కూడా. కానీ సంపూర్ణమ్మ తనవైపే మెచ్చుకోలుగా చూస్తోంది. ఆ చూపు మారిపోతుందనుకునేసరికి తెరిచిన నోరు మూసేసుకుంది.

పాపాయమ్మ దవడలు రెండుసార్లు ఆడి ఆగాయి. తల తిప్పి, పక్కనే నిలబడ్డ తబిత ముఖంలోకి చూసింది. ఆ పొర కళ్ళకి ఏం కనిపించిందో ఏమో, కష్టపడి మింగేసింది. కొంగుతో నోరు తుడుచుకుని, లేచి, కొరికినదాంతోపాటు పళ్ళెంలో మిగిలిన అయిదూ కొంగులో వేసుకుంది.

"ఇయ్యన్నీ నాకే కావాలయ్యా. ఎవరికీ ఇవ్వను."

చర్చంతా గొల్లున నవ్వింది. "ముసలమ్మకి ఆశ చూశారా!" అని ఎవరో అన్నారు. గండం గడిచిందన్న ఆనందంలో తబిత అందరికంటే గట్టిగా నవ్వింది.

ఇంటికొచ్చాక ఆ నవ్వే ఆవిడని పీక్కుతింది. కాస్త మైనం కడుపులోకి పోతే ప్రమాదం లేదని ఫోన్లో చదివి ఊపిరి పీల్చుకుంది గానీ, అన్నం మాత్రం సయించలేదు. మూడో రోజు కూరగాయల బండి దగ్గర "కేకుల పాపాయమ్మ" అంటూ ఎవరో నవ్వుకోవడం విని, సిగ్గుతో కూరలు కొనకుండానే వెనక్కి తిరిగింది. నేరుగా కాలవగట్టు మీదున్న పాపాయమ్మ ఇంటికి వెళ్ళింది.

గూట్లో కొరికినదాని పక్కన మిగిలిన అయిదు కప్పులూ ముట్టుకోకుండా ఉన్నాయి. తబిత వాటిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మామ్మా, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేంటమ్మా, బానే ఉన్నాను. లోపలికి రా."

"మామ్మా, అవి కేకులు కావు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నోట్లో పెట్టుకోగానే. నలభై ఏళ్ళు క్రిస్మస్ మర్నాడు చర్చి గచ్చు మీద కారిన మైనం గీకింది ఎవరనుకున్నావు? దాల్చినచెక్క వేస్తే నాకు తెలీదా?"

"మరి ఉమ్మెయ్యలేదేం?"

"ఉమ్మేద్దామనే చూశానమ్మా. నీ మొహం కనపడింది. కళ్ళు పోయినా అంత దగ్గరగా ఉంటే కనపడతాది కదా. చచ్చిపోయేదానిలా ఉన్నావు. నేను ఉమ్మితే అంతా నిన్ను చూసి నవ్వుతారు. మింగి ఊరుకుంటే అయ్యగారి చెయ్యి రెండోదాని మీదకి పోతుంది, ఇంకొకరు కొరుకుతారు. అందుకని అన్నీ తెచ్చేసుకున్నాను."

"నిన్ను ఆశపోతు అంటున్నారు మామ్మా."

"అననీ. ఈ వయసులో నాకేం పోతుంది?"

పాపాయమ్మ కొంగు చివర ముడి విప్పి, అందులోంచి చిన్న వత్తి ముక్క తీసింది. "ఇది పళ్ళలో ఇరుక్కుంది. కింద పడితే ఎవరన్నా చూస్తారని దాచాను. తీసుకో."

తబిత ఆ ముక్క పట్టుకుని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తాను నవ్విన నవ్వు గురించి కూడా చెప్పింది. "విన్నానులే" అని పాపాయమ్మ తల నిమిరింది. ఆ మాటతో తబితకి తల ఎత్తాలనిపించలేదు. వెళ్ళబోతుంటే, "ఎవరితోనూ అనకు, అయిపోయిందిగా" అని కూడా చెప్పింది ముసలావిడ.

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరు గారు. తబిత సాక్ష్యం ఎప్పుడూ ముందే తయారై, ఇస్త్రీ చీరలా మడత నలగకుండా ఉండేది. ఈసారి ఏమీ తయారుచేసుకోకుండానే లేచి నిలబడింది. సంపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుంది. మెర్సీ తల దించుకుంది.

తబిత గుప్పిట విప్పి ఆ వత్తి ముక్క అందరికీ చూపించింది.

"పండుగ రోజు నేను తెచ్చినవి కేకులు కావండీ. కొవ్వొత్తులు" అంది.

ముందు చాప మీదున్న పాపాయమ్మ వెనక్కి తిరిగి, వద్దు, కూర్చో అన్నట్టు చెయ్యి ఊపింది. తబిత కూర్చోలేదు.

"మామ్మ అది తెలిసే మింగింది. అదంతా చూస్తూ నవ్వింది నేను" అంది.