మెట్ల మీద పిలుపు

కాత్యాయనమ్మకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. నేను వాళ్ళింట్లో వంట చేస్తాను. దయ్యాలున్నాయని పేరుపడ్డ పాత హోటల్లో ఒక రాత్రి ఉండాలని ఆమెకు సరదా పుట్టింది. పాపను చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళింది. కారు దిగి గేటు చూశాకే అది ఏ హోటలో నాకు తెలిసింది.

"దయ్యం ఉందట హనుమక్కా, నీకు భయం లేదు కదా?" అని నవ్వింది.

"నాకేం భయమమ్మా. ఈడ ఉండేది మావాళ్ళే."

1993లో నా భర్త ఈ హోటల్లో సున్నం కొడుతూ, నిచ్చెన జారి మెట్ల మీద పడి చనిపోయాడు. తోటి పనివాడు పెద్దమునియప్ప కళ్ళారా చూశాడు. హోటలువాళ్ళు మాత్రం శవాన్ని బయటికి మోయించి, రోడ్డు మీద పడ్డాడన్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు. మా ఇళ్ళలో, బయట పోయినవాణ్ణి ప్రాణం పోయిన చోటే నిలబడి పేరుపెట్టి ఇంటికి పిలవాలి. లేకుంటే అక్కడే ఉండిపోతాడు. మా మరిది రోడ్డు మీద నిలబడి పిలిచాడు. అక్కడ లేని మనిషి ఎట్లా వస్తాడు?

సాయంత్రం దర్శన్ అనే హోటలు ఉద్యోగి బసకు వచ్చినవాళ్ళందరికీ ఆ మెట్లు చూపించాడు. "తెల్లదొరసాని ఇక్కడే పడి చనిపోయింది మేడమ్. వందేళ్ళయినా ఇంకా ఏడుస్తానే ఉండాది."

"ఈడ ఇంకెవరూ పడలేదా అప్పా?" అని అడిగాను.

"ఉండేది ఒకటే దయ్యం అక్కా. అదీ ఇంగ్లీషు దయ్యం. నీతో మాట్లాడదులే."

అందరూ నవ్వారు.

తెల్లవారుజామున గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. పెళ్ళయిన నాటి నుంచి ఆయన పేరు నేను పలకలేదు. ఆయన కోసం తెచ్చిన నీళ్ళు మెట్టు మీద వదిలాను.

"ఓబళప్పా, ఇంటికి పోదాం రా."

మూడుసార్లు పిలిచాను. మూడోది ఏడుపే అయింది. పైన గదుల్లో గడియలు బిగించుకున్న చప్పుడు వినిపించింది. ఒక్కరూ బయటికి రాలేదు.

పొద్దున టిఫిన్ దగ్గర, దొరసాని ఏడుపు విన్నామని అందరిదీ ఒకటే మాట. కాత్యాయనమ్మ ముఖం వెలిగిపోతోంది.

దర్శన్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "అది నేనప్పా. నా మొగుడు సున్నం కొడతా ఆ మెట్ల మీదనే పోయినాడు. ఆయన్ని పిలిచినాను."

అతను గొంతు తగ్గించాడు. "ఊరుకో అక్కా. వీళ్ళంతా వచ్చింది సున్నం కొట్టేవాని కోసమా?"

తర్వాత అటు తిరిగి అందరికీ వినబడేలా అన్నాడు. "మూడుసార్లు కదా మేడమ్? దొరసాని ఎప్పుడూ మూడుసార్లే పిలుస్తాది."

తిరిగొచ్చేటప్పుడు కారులో నా పక్కన చోటు వదిలి కూర్చున్నాను. కాత్యాయనమ్మ అక్కడ సంచులు పెట్టింది. వాటన్నిటినీ తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.