తిరిగే నీళ్లలో రెండు కిలోల పసుపు

అవసరం ముదిరినవాడి ఇంటికి వెళ్తే టీ ఇచ్చి మరీ సరుకు కొంటాడు. ఆళ్లగడ్డ మద్దయ్యకు అవసరం ముదిరింది. రోడ్డు పక్కన బండ్లు కడిగే షెడ్డు అతనిది. బోరు ఎండిపోతోంది. నాలుగు బండ్లు కడిగేసరికి మోటారు గాలి కక్కుతోంది. షెడ్డు మూసేద్దామని అనుకుంటున్న వారంలోనే, నంద్యాలలో పైపులూ మోటార్లూ అమ్ముకునే నేను వెళ్లి అతని టీ తాగాను.

"కొత్తనీళ్లు యాడ తెస్తావప్పా? ఉండేటివే తిప్పుకోవాల" అన్నాను.

"కడిగిన నీళ్లతోనే మళ్లీ కడిగేదా? జనం నవ్వరా అన్నా?"

మాటలతో లాభం లేదని బేతంచెర్ల తీసుకెళ్లి నాపరాళ్ల పాలిష్ యూనిట్ చూపించాను. రాయి మీద పడిన నీళ్లు తెల్లబురదతో తొట్టిలోకి పోతాయి. బురద అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మళ్లీ రాయి మీదికే వస్తాయి. ఆరిపోయినంత మటుకు కొత్తగా పోస్తే చాలు. పెద్ద బస్సు డిపోల్లోనూ, బట్టలకు రంగులద్దే మిల్లుల్లోనూ ఇదే పద్ధతని చెప్పాను.

మద్దయ్య షెడ్డులో మూడు సిమెంటు తొట్లు కట్టించాను. మొదటిదాంట్లో మట్టి దిగుతుంది. రెండోదాంట్లో నూనె పైకి తేలుతుంది, కిందినుంచి నీళ్లు మూడోదాంట్లోకి పోతాయి. అక్కడినుంచి మోటారు వాటిని ఇసుక డ్రమ్ము గుండా పైట్యాంకుకు ఎక్కిస్తుంది. నిజానికి ఇసుక తర్వాత బొగ్గు డ్రమ్ము కూడా ఉండాలి. అది చెబితే ధర పెరిగి బేరం చెడుతుందని చెప్పలేదు. పైగా ధైర్యంగా మాటిచ్చాను: "మొదటిరోజు పని చేయకుంటే నీ దుడ్లు వద్దు, నా సామాను నేనే పీక్కొని పోతా."

మోటారు పీకవచ్చు, పైపులు పీకవచ్చు. సిమెంటు తొట్లను ఎవడు పీకుతాడు? ఆ నష్టం నాదే.

మొదటిరోజు పొద్దున్నే మొదటి బండిగా స్కూలు బస్సు వచ్చింది. శుభ్రంగా మెరిసింది. రెండోది ఎర్ర ట్రాక్టరు. అదీ మెరిసింది. మూడోది సిమెంటు డీలరు రాజశేఖర్ కొత్త కారు, మల్లెపువ్వులా తెల్లనిది. అతను ఏసీ వేసుకుని లోపలే కూర్చున్నాడు.

పనివాడు గొట్టం తిప్పాడు. కారు మీద ఎర్రటి నీళ్లు పడ్డాయి.

రాజశేఖర్ అద్దం వేలెడంత దించాడు. "ఏందప్పా ఇది? కారు కడుగుతాండావా, పొట్టేలును కోస్తాండావా?"

మద్దయ్య నా వైపు చూశాడు. నేను ట్యాంకు వైపు చూశాను. ట్యాంకు పక్కన మద్దయ్య తల్లి నారాయణమ్మ ఖాళీ సంచి దులుపుతోంది.

"అమ్మా, ట్యాంకులో ఏమన్నా పోసినావా?"

"పొద్దున్నే గంగమ్మకు పసుపు పోసినా నాయనా. కొత్తనీళ్లకు పెట్టకుంటే ఎట్ల?"

"ఎంత?"

"రెండు కిలోలే. మా ఇంట్లో దేవునికి పిసినారితనం చేయం."

అప్పుడు లెక్క తేలింది. బోరు దగ్గర పసుపు పోస్తే కాలువలో కొట్టుకుపోతుంది. ఇక్కడ నీళ్లకు పోయే దారే లేదు, తిరిగే దారే ఉంది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపు బస్సు మీద పసుపునీళ్లు, ఎర్ర ట్రాక్టరు మీద ఎర్రనీళ్లు, ఎవరికి కనపడతాయి? మట్టి దిగింది, నూనె తేలింది, రంగు మాత్రం ఇసుకలోంచి దర్జాగా నడిచి వచ్చింది. దాన్ని పట్టేది బొగ్గు. బొగ్గు పెట్టనిది నేను.

ఎదురుగా ఇస్త్రీ బండి నడిపే సలోమి దగ్గరికి పరుగెత్తాను.

"బొగ్గులన్నీ ఇయ్యమ్మా, బేగా!"

"అన్నీనా? ఎన్ని చొక్కాలున్నాయన్నా నీకు?"

దంచి ఒక ఖాళీ డ్రమ్ములో నింపి, ఇసుక డ్రమ్ము తర్వాత తగిలించాము. తొందరలో బొగ్గును కడగడం మరిచాను. మోటారు వేయగానే ఈసారి కారు మీద నల్లనీళ్లు పడ్డాయి.

"ఇంగా ఎన్ని రంగులుండాయన్నా నీ కాడ?" అన్నాడు మద్దయ్య. రాజశేఖర్ అద్దం పూర్తిగా ఎక్కించేసి, లోపల ఎవరికో ఫోన్‌లో అరుస్తున్నాడు.

మూడు గంటలు నీళ్లను తిప్పుతూనే ఉన్నాను. నలుపు బూడిదరంగైంది. బూడిదరంగు తేటపడింది. చివరికి కారు మల్లెపువ్వైంది. రాజశేఖర్ దిగి, చుట్టూ తిరిగి చూసి, మళ్లీ కారెక్కి వెళ్లాడు. నాకు అది చాలు.

"పని చేసింది కదప్పా?" అన్నాను.

మద్దయ్య రోడ్డు వైపు చూపించాడు. గేటు దగ్గర ఐదు ఆటోలు, ఒక లారీ నిలబడి ఉన్నాయి. లారీ డ్రైవరు తల బయటపెట్టాడు.

"అన్నా, ఆ తెల్లకారుకు ఎర్రనీళ్లతో దిష్టి తీసినారంట కదా? ముందు ఎర్రవి, ఆమీద నల్లవి. మా బండి రెండుసార్లు గుద్దుకునింది. మాకూ తీయండి."

"అయిపోయినాయప్పా ఎర్రవి" అన్నాను.

"నువ్వు గమ్మునుండన్నా!" మద్దయ్య నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "సామాను పీకొద్దు. అంతా ఉంచుకుంటా. ఆ బొగ్గు డ్రమ్ముకు మటుకు ఒక వాల్వు పెట్టు. కావాలంటే నీళ్లు దాంట్లోంచి పోవాల, వద్దంటే పక్కనుంచి పోవాల."

ఒకే రోజు బొగ్గు డ్రమ్మూ అమ్ముడుపోయింది, దాన్ని తప్పించుకునే వాల్వూ అమ్ముడుపోయింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటి బేరం నేనెరగను. వాల్వు బిగిస్తుంటే వెనక నారాయణమ్మ కొడుకును గదమాయిస్తోంది.

"రోజూ రెండు కిలోలంటే యాడ తెచ్చేది రా? కొట్టు నుంచి బస్తా దింపించు."