రెండో తెరకు పెట్టిన బొట్టు

షామీర్‌పేటలో ప్లాట్లు అమ్మే వీరేందర్ ఆఫీసులో కంప్యూటర్ ఒకటే అయినా తెరలు రెండు. ఒకటి ఆయన వైపు, రెండోది కొనడానికి వచ్చినవాళ్ల వైపు. వెంచర్ నక్షా ఆ రెండో తెర మీద రంగుల్లో కనిపిస్తే తప్ప వాళ్లకు నమ్మకం కుదరదు. దసరా మర్నాడు అది వెలగనేలేదు.

మేడ్చల్‌లో కంప్యూటర్లు బాగుచేసే పరమేష్ వెంటనే వచ్చాడు. పండగ ముందు రోజు ఆఫీసు కడుగుతుంటే వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టింది తనే. ఆ సంగతి మహానుభావుడికి గుర్తే రాలేదు. తెర అంచున కుంకుమ బొట్టు మాత్రం కళ్లబడింది. ఆఫీసు ఊడ్చే బాలనర్సమ్మ ఆయుధ పూజ నాడు తాళాలకూ బండికీ పెట్టినట్టే దీనికీ పెట్టింది. అంతే, రోగం దొరికిపోయింది.

"బొట్టు తడిపి పెట్టిన్రు సార్. నీళ్లు లోపలికి దిగినయ్" అన్నాడు పెద్ద డాక్టరులా.

వీరేందర్ అరవలేదు. రేపటి నుంచి రావద్దని ఆమెకు మెల్లగా చెప్పాడు. బాలనర్సమ్మ చీపురు తలుపు వెనక నిలబెట్టి వెళ్లిపోయింది.

పరమేష్ తెరను తన దుకాణానికి మోసుకుపోయి తగిలిస్తే నిక్షేపంలా వెలిగింది. అంటే నీళ్లు దిగలేదన్నమాట. మర్నాడు ఆఫీసులో కంప్యూటర్ డబ్బా వెనక్కి వంగి చూశాడు. తెరలకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు వేశాక పైనున్న పాత సాకెట్‌లోంచి బొమ్మ రాదు. తను రెండో తెర కేబుల్‌ను సరిగ్గా దాంట్లోనే బిగించాడు. తీసి కింద కార్డు సాకెట్‌లో పెట్టి, సెట్టింగుల్లో రెండో తెరను ఆన్ చేశాడు. రెండు నిమిషాల పని. వీరేందర్ మెచ్చుకుని చాయ్ తెప్పించాడు. నిజం చెబితే ఇటు దుండిగల్ నుంచి అటు కీసర దాకా ఇంకెవరూ పనికి పిలవరని భయపడి, పరమేష్ నోరు మూసుకుని ఆ చాయ్ తాగాడు. బయటికి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. బండిని బాలనర్సమ్మ ఉండే అలియాబాద్ వైపు తిప్పాడు.

ఆమె ఇంటి ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. వైరు తప్పు పెట్టింది తనేనని తల దించుకుని చెప్పేశాడు.

"నాకెరుకే కొడుకా. వేలికి నూనె రాసుకొని పెట్టిన బొట్టు. నీళ్లు ముట్టనియ్యలె."

ముట్టి చూసి ఉంటే జిడ్డు తెలిసేది. అతను ముట్టి కూడా చూడలేదు. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"నన్నెవరడిగిన్రు?"

ఆ మాటలో కోపమైనా ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఆమె చేట పక్కన పెట్టి లేచింది.

"నాకు జెప్తే ఏమొస్తది? గా సారుకు జెప్పు."

రేపు ఆఫీసుకు పోయి చెబుతానందామనుకున్నాడు. ఆమె కదలకుండా ఎదురుగా నిలబడింది. సెల్ తీసి నంబరు నొక్కాడు.

"సార్, బాలనర్సమ్మ తప్పేం లేదు. వైరు నేనే తప్పు పెట్టిన."

పొద్దున్నే వేరే ఆమెను పనిలో పెట్టుకున్నానని, చెప్పేదేదో నిన్ననే చెప్పాల్సిందని వీరేందర్ అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నడు కొడుకా?" అంది బాలనర్సమ్మ.

అవతల ఎవరూ లేకపోయినా పరమేష్ ఫోన్‌ను చెవికే ఆనించుకుని నిలబడ్డాడు.