నలభై ఎనిమిదో గంట

బొట్టుకూ బొట్టుకూ మధ్య లమ్యాయ్ ఊపిరి బిగపట్టింది. సన్నని గాజుగొట్టం చివర ద్రావణం లావెక్కి, వణికి, కింద గిరగిరా తిరుగుతున్న నీళ్లలో పడింది. పడినచోట పాలపొగలాంటి తెర లేచి మాయమైంది. తెల్లగా విరిగితే పూటంతా చేసిన పని వృథా. పలచగా నీలిఛాయ తిరిగితే రేణువులు కుదిరినట్టు. వెయ్యి రేణువులు పక్కపక్కన పేర్చినా తలవెంట్రుక మందమే.

"యంత్రం ఉందిగా పెద్దమ్మా, ఇవాళైనా దానికొదిలెయ్యరాదూ?" అంది పింపా. ఆ ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్న పిల్ల.

"దానికి తొందరెక్కువ. నీలాగే."

"రేపట్నుంచి ఎవర్ని తిడతావో చూస్తాగా."

"ఇంట్లో కోళ్లున్నాయిలే."

ఆ రోజు సెప్టెంబరు ముప్పై. ఆ ఏడాది అరవై నిండిన ప్రభుత్వోద్యోగులు దేశమంతటా ఒకేసారి ఉద్యోగం దిగిపోయే రోజు. లమ్యాయ్‌కీ అదే ఆఖరి రోజు. చియాంగ్ మాయ్ వీధుల్లో పొద్దుటినుంచీ వాన, వానలోనే బంతిపూల బేరాలు. ఎవరో ఒక దండ తెచ్చి, పాడవకుండా పనిచెయ్యమని వేడుకుంటూ, పెద్ద యంత్రం మెడలో కూడా వేసి పోయారు.

లమ్యాయ్ పొట్టి మనిషి. వంగి వంగి ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారింది. ఇరవై రెండేళ్లు గాజుసామాను కడిగీ, ఘాటు మందుల్లో నానీ వేళ్ల కొనలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్రతో హాజరు తీసుకునే మిషను ఆమెను గుర్తుపట్టదు. ఆమె ఒక్కదానికోసం ఆఫీసులో పాత రిజిస్టరు ఉంచారు.

అంతకుముందు ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. కూతురు ఫాయ్‌కి థలసేమియా. మూడు వారాలకోసారి ఎవరి రక్తమో ఎక్కించాలి. ఎక్కించిన రోజు పిల్ల బుగ్గలు ఎర్రబడేవి, గలగలా మాట్లాడేది. మూడో వారానికి మళ్లీ కాగితంలా పాలిపోయేది. ఆ జబ్బుమీదే పనిచేస్తున్న ప్రొఫెసర్ తవీ, అక్కడివాళ్ల మాటలో ఆజాన్, తన ప్రయోగశాలకు మనిషి కావాలంటే, లమ్యాయ్ అడిగి మరీ చేరింది.

మూలుగలో తప్పుగా ఉన్న జన్యువుకు బదులు మంచిదాన్ని పంపాలి. ఊరికే పంపితే ఒళ్లే దాన్ని కొరికి పారేస్తుంది. అందుకని పాలిమర్ రేణువులో చుట్టి పంపాలి. రేణువు దారి పొడుగునా గట్టిగా పట్టుకోవాలి, కణంలోకి వెళ్లాక వదిలెయ్యాలి. "పట్టుకోవడం నేర్పామక్కా. వదలడమే రావట్లేదు," అనేవాడు తవీ ఏటేటా.

పదకొండేళ్ల కిందట, పంతొమ్మిదో ఏట ఫాయ్ పోయింది. వారం తర్వాత లమ్యాయ్ వచ్చి, తొట్టిలో పేరుకున్న సీసాలు కడిగింది.

ప్రయోగం ఫలితాన్ని ఆమె ఏనాడూ మైక్రోస్కోపులో చూడలేదు. "లేదక్కా" అనేవారు, ఆమె పళ్లేలు తీసి కడిగేది. ఈసారి రేణువులు ఆమె చేత్తో చేసినవి. వాటిలో ఉన్నది మందు జన్యువు కాదు, కణంలోకి చేరి విడివడితే ఆకుపచ్చగా వెలిగే పరీక్ష జన్యువు. మొన్న నాలుగింటికి కణాలమీద వేశారు. ఇవాళ నాలుగింటికి నలభై ఎనిమిది గంటలు. నాలుగున్నరకు ఆమె గుర్తింపుకార్డు అప్పగించాలి.

"నన్నోసారి చూడనిస్తారా, ఆజాన్?" అంది మధ్యాహ్నం, చేతిలో బంకన్నం ముద్ద అలాగే ఉండగా.

తవీ ఆమెకోసం మూడున్నరకే చీకటిగదిలో మైక్రోస్కోపు దీపం వెలిగించి ఉంచాడు.

నాలుగింటికి పదినిమిషాలుందనగా లమ్యాయ్ రోజూలాగే గదులన్నీ తిరిగింది. ఫ్యాన్లు ఆపింది, కొళాయిలు బిగించింది, చీకటిగదిలో ఆ దీపమూ ఆపేసింది.

"అయ్యో పెద్దమ్మా!" పింపా కేక పెట్టింది. "అది ఆపితే చల్లారేదాకా వెలిగించకూడదు, పగిలిపోతుంది!"

లమ్యాయ్ చేయి స్విచ్చిమీదే ఉండిపోయింది. చల్లారడానికి అరగంట, మళ్లీ వేడెక్కడానికి పది నిమిషాలు.

"కూర్చోండక్కా," అన్నాడు తవీ వచ్చి. "ఆగుదాం."

ఫోను మోగింది. కింద వీడ్కోలుకు చేరిన ఆఫీసువాళ్లు. "దండలు వాడిపోతున్నాయి సార్, అందరూ వచ్చేశారు!"

"వాడనీ," అని పెట్టేశాడు.

చీకటిగదిలో ఇద్దరూ కూర్చున్నారు. పింపా తలుపు దగ్గర కాపలా నిలబడింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు మీరు," అన్నాడు తవీ.

"అడిగితే మీరేం చెబుతారు? సీసా కడిగితే తెల్లబడుతుంది. అది నా చేతిలో పని." మైక్రోస్కోపువైపు తిరిగి అడిగింది. "ఈ కణాలు ఎవరివి?"

"పేరుండదక్కా, నంబరే. పదహారేళ్ల ఆడపిల్లని మాత్రం రాశారు."

"పిల్ల బాగుందా?"

"తెలీదు."

దీపం వెలిగేసరికి నాలుగున్నర దాటింది. లమ్యాయ్ కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, కన్ను ఆనించింది. మొదట అంతా చీకటి. తర్వాత ఒకటి. దాని పక్కన మరొకటి. లేత అరటాకు వెనకనుంచి ఎండ పడినట్టున్న పచ్చదనం.

"ఇవేనా?"

"ఇవే. వందలో ఐదారు. జబ్బు నయం చెయ్యడానికి చాలవు."

"బతికే ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

చెంప తడిసి, కన్ను ఆనించినచోట గాజు మసకేసింది. తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఆ చివరిది తగ్గిపోతోంది, ఆజాన్."

"ఈ వెలుతురు పడేకొద్దీ తగ్గుతుంది. చూస్తూ ఉంటే ఆరిపోతాయవి."

"అయితే మూసెయ్యండి."

"ఇంకో నిమిషం చూడొచ్చు. పర్లేదు."

"వద్దు. మూసెయ్యండి."

తవీ వెలుతురుకు అడ్డురేకు జరిపాడు. ఆ చీకట్లోకి ఆమె ఇంకాసేపు చూస్తూనే ఉంది.

కింద మెడనిండా దండలు వేశారు. కార్డు ఇచ్చింది, సంతకం పెట్టింది, అందరికీ చేతులు జోడించింది. వాన ఇంకా తగ్గలేదు. ఊళ్లో జనాన్ని ఎక్కించుకు తిరిగే ఎర్రబండి వెనక బెంచీమీద దండలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా పింపా చెయ్యి ఊపింది.

ప్రయోగశాలలో తొడుక్కునే నీలి చెప్పులతోనే ఆమె బండెక్కిందని ఎవరూ గమనించలేదు. అందరూ వెళ్లాక తలుపు బయట అరలో ఆమె ఇంటినుంచి వేసుకొచ్చిన ఒక్క జతే మిగిలింది. కుడి మడమ ఒకవైపు అరిగి, బొటనవేలి వారు తెల్లదారంతో కుట్టి ఉన్న చెప్పులు, మెట్లవైపు తిరిగి ఉన్నాయి.