గీతల మాస్టారి కారు

ఆ రోజు పొద్దుటినుంచీ గీతల మాస్టారికి కాలు ఒకచోట నిలవలేదు. వరండాలోకి వెళ్ళాడు, వంటింట్లోకి వచ్చాడు, ఎందుకొచ్చాడో మరిచిపోయి మళ్ళీ వరండాలోకి వెళ్ళాడు. పేపరు తెరిచి ఒకే వార్త పదేపదే చదివాడు, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. కాలుకాలిన పిల్లి అయినా మధ్యలో ఓ క్షణం కూర్చుంటుందేమో గానీ, ఈయనకి ఆ సుఖం కూడా లేకపోయింది.

ఆయన బాధ పైకి చెప్పుకుంటే జనం నవ్విపోతారు. షెడ్డులో ఉన్న తన పాత కారుకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అని, నిప్పురవ్వ సంగతి దానంతటదే చూసుకునే పెట్టె పెడుతున్నారు. పెట్టిస్తున్నది సొంత భార్య, పెడుతున్నది సొంత బామ్మర్ది. అది పనిచేయకుండా పోతే బాగుండునని మాస్టారు లోలోపల కోరుకుంటున్నాడు. పెద్దమనిషి కోరుకోవలసిన కోరికేనా అది? కాదు. కోరుకున్నాడు, ఏం చేస్తాం!

ఆయన బడిలో బొమ్మల పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. స్కేలు లేకుండా నల్లబల్ల ఈ చివరినుంచి ఆ చివరికి గీత గీసేవాడు. పిల్లలు తర్వాత స్కేలు పెట్టి చూసి నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. పేరు అలా వచ్చింది. అదే చేత్తో కారు సంగతి కూడా చూసుకునేవాడు. ఆ కాలపు బండ్లలో డిస్ట్రిబ్యూటర్ అని ఒక డబ్బా ఉంటుంది. దాని మూత కింద రెండు చిన్న పాయింట్లు ఎడతెరిపి లేకుండా కలుస్తూ విడిపోతూ ఉంటేనే ఇంజనుకి నిప్పురవ్వ అందుతుంది. ఆ రెంటి మధ్య సందు పలచటి అట్టముక్కంత ఉండాలి. ఎక్కువైతే బండి దగ్గుతుంది, తక్కువైతే మొండికేస్తుంది. రెండు వారాలకోసారి ఆ సందు సరిచేయడం మాస్టారి పని. అది ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం, రాకుండా చూసుకోవడం ఆయన జాగ్రత్త.

ఆ కారుకి ఇంకో గొప్ప కూడా ఉంది. పొద్దున్నే మాస్టారు బానెట్ ఎత్తి, లోపల ఏదో సర్దితే తప్ప అది స్టార్టయ్యేది కాదు. "దీనికి నా చెయ్యి పడాలోయ్" అనేవాడు. భార్య నిజమేననుకుంది. వీధి వీధంతా నిజమేననుకుంది. కొన్నాళ్ళకి ఆయన కూడా నిజమేననుకున్నాడేమో, ఎవరికి తెలుసు!

ఆ చెయ్యే ఇప్పుడు మోసం చేసింది. ఈమధ్య వణకడం మొదలుపెట్టింది. మొదట టీ కప్పు దగ్గర తెలిసింది, తర్వాత చొక్కా బొత్తాల దగ్గర. అదృష్టం కొద్దీ ఎవరి కంటా పడలేదని ఆయన ధీమా. డాక్టరుకి చెబితే దానికేదో పేరు పెడతాడని భయపడి అటువైపే వెళ్ళలేదు. వణుకు వచ్చినప్పుడల్లా చేతిని ప్యాంటు జేబులోకి తోసేసేవాడు. పోయినవారం భార్య నడుపుతుంటే కారు నాలుగురోడ్ల కూడలి నడిమధ్యలో ఆగిపోయింది. ముందూ వెనకా హారన్లు. ఆవిడకి ముచ్చెమటలు పోశాయి. పక్క సీట్లో ఉన్న మాస్టారు "పెట్రోలు కల్తీ" అని తేల్చేశాడు. పెట్రోలు పాపం ఏం చేసింది? సందు తప్పు పెట్టింది తన చెయ్యేనని ఆయనకి తెలుసు.

ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఈ సాయంత్రం ఓ బడిలో నాటకం ఉంది. వేషాలన్నీ ఆవిడ చేతే కుట్టించారు. ఇంత పెద్ద పని రావడం అదే మొదలు. మూడింటికల్లా అందకపోతే ఇంకోసారి పిలవరు. రాజుగారి అంగీ, సైనికుల చొక్కాలు మూటలు కట్టి అప్పుడే వెనక సీట్లో పెట్టేసింది. వాటిమీద ఎలుగుబంటి తల దర్జాగా కూర్చుంది. అది అద్దంలోంచి తననే చూస్తున్నట్టనిపించి మాస్టారికి ఒళ్ళు మండింది.

బామ్మర్ది కార్లకి పాటల పెట్టెలు, వెనక కెమెరాలు బిగించేవాడు. మనిషి మంచివాడే, నోటికే మూత లేదు.

"ఏం బావా, సవతిని చూసినట్టు చూస్తున్నావేంటి దీన్ని?" అన్నాడు డిస్ట్రిబ్యూటర్ క్లిప్పులు ఊడదీస్తూ. "ఇది పెట్టామంటే ఇంక సందూ లేదు గొందీ లేదు. తాళం తిప్పడం, పోవడం. నువ్వు కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు."

"కూర్చోవడానికేనా నేను పుట్టింది?"

"అక్కా, చూశావా! కూర్చోమన్నా కోపమే."

"వాడి పని వాణ్ణి చేసుకోనివ్వండి" అంది ఆవిడ, సైనికుడి టోపీకి చివరి కుట్లు వేస్తూ.

బామ్మర్ది పాత పాయింట్లు విప్పి గుడ్డముక్క మీద పెట్టాడు. వాటి చోట కొత్త నల్లటి ముక్క బిగించాడు. నడుమనున్న ఇరుసుకి అయస్కాంతం ఉంగరం తొడిగాడు. ఎర్ర తీగ, నల్ల తీగ తీసుకెళ్ళి నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి తగిలించాడు. పెట్టెలో వచ్చిన కాగితాన్ని మాత్రం మడత కూడా విప్పలేదు. "ఇదంతా చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది" అని మూత పెట్టేశాడు. "అక్కా, సెల్ఫ్ కొట్టు!"

ఇంజను గిర్రున తిరిగింది. అంటుకోలేదు. ఆవిడ మళ్ళీ కొట్టింది. తిరిగింది, తిరిగింది, అంతే.

మాస్టారి మొహం మతాబాలా వెలిగింది. వెంటనే సర్దుకుని దిగులు మొహం పెట్టాడు.

బామ్మర్ది తీగలు తీసి మళ్ళీ పెట్టాడు. బల్బు ఆనించి చూశాడు, కాయిల్ దాకా కరెంటు వస్తోంది. తల గోక్కున్నాడు. ఎవరికో ఫోను చేశాడు, అవతలివాడూ తల గోక్కున్నట్టున్నాడు. ఆవిడ టాక్సీకి ఫోను చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. బామ్మర్ది వచ్చింది స్కూటరు మీద, ఎలుగుబంటి సంసారమంతా దానిమీద పట్టదు. చివరికి వాడు చేతులెత్తేశాడు.

"ఈ పెట్టె పుట్టడమే చచ్చి పుట్టిందక్కా."

ఆవిడ గడియారం వైపు చూసింది, ఒకటిన్నర దాటుతోంది. మాస్టారి వైపు తిరిగింది. "ఏవండీ, పాతవే పెట్టేయండి. మీ చెయ్యి పడితే కదులుతుందిగా. ఈ పూట గట్టెక్కితే చాలు నాకు."

ఏనుగెక్కినంత సంబరమైంది ఆయనకి. చేతులు దులుపుకుని కారు దగ్గరికి నడిచాడు. బామ్మర్ది కొత్త ముక్క విప్పి పక్కకి తప్పుకున్నాడు. మాస్టారు పాత పాయింట్లు లోపల పెట్టి, గోరంత స్క్రూని స్క్రూడ్రైవరు మొనమీద నిలబెట్టి వంగాడు. అప్పుడు మొదలైంది వణుకు. స్క్రూ టంగుమని ఇంజను సందుల్లోకి జారిపోయింది. బామ్మర్ది నేలమీద పాకి వెతికి తెచ్చాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"వెలుతురు సరిగ్గా లేదు" అన్నాడు మాస్టారు.

"పట్టపగలు బావా!"

గబుక్కున చేతిని జేబులోకి తోశాడు. లోపల వేలికి ఏదో తగిలింది.

అది రోటర్. డిస్ట్రిబ్యూటర్ మూత కింద, ఇరుసు నెత్తిన కూర్చునే బొటనవేలంత ముక్క. కాయిల్ నుంచి వచ్చే నిప్పుని ఇంజనుకి పంచిపెట్టేది అదే. అది లేకపోతే పాత పాయింట్లు పెట్టినా కొత్త పెట్టె పెట్టినా ఒకటే, బండి లేవదు. రోజూ సాయంత్రం ఎవరూ చూడకుండా దాన్ని పీకి జేబులో వేసుకోవడం, పొద్దున్నే బానెట్ ఎత్తి మళ్ళీ తగిలించడం. చెయ్యి పడాలంటే అదీ పడటం! ఇవాళ ఆరాటంలో తగిలించడమే మరిచిపోయాడు.

చెప్పకపోతే? పాత పాయింట్లు బిగించి, మూత పెట్టేటప్పుడు దీన్ని కూడా చాటుగా తగిలిస్తే? బండి లేస్తుంది. ఆ ఎలక్ట్రానిక్ పెట్టె చెత్తబుట్టలోకి పోతుంది. బామ్మర్దిని బతికున్నన్నాళ్ళూ ఏడిపించుకోవచ్చు. ఆలోచన బాగానే ఉంది. కానీ ముందు ఆ పాడు స్క్రూ బిగియాలి కదా!

చెయ్యి బయటికి తీశాడు. పళ్ళబిగువున మూడోసారి వంగాడు. స్క్రూడ్రైవరు ఇనుముకి కొట్టుకుని టకటకలాడింది. ఆ చప్పుడు షెడ్డంతా వినిపించింది.

ఆవిడ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. "చాల్లెండి."

"ఇంకొక్కసారి..."

"చాలన్నానా! ఈమధ్య మీకు టీ సగం కప్పే ఎందుకిస్తున్నాననుకున్నారు? పాలు లేకనా? మీ చొక్కాలకి బొత్తాలు తీసేసి నొక్కితే పడే టిచ్ బటన్లు ఎందుకు కుట్టాననుకున్నారు?"

మాస్టారు తల వంచి తన చొక్కా బటన్ల వైపు చూసుకున్నాడు.

"మీరే చెబుతారని చూస్తున్నా. మీరు చెబితేగా! ఇంకొకళ్ళ ముందు ఈ చెయ్యి ఇలా బయటపడకూడదనే ఆ పెట్టె తెప్పించాను. సందు సరిచేసే పనే లేకపోతే మీ వణుకు ఎవరికి తెలుస్తుంది?"

ఆయనకి సిగ్గేసింది. చిన్నాచితకా సిగ్గు కాదు, భూమి బద్దలైతే అందులోకి దూరిపోదామన్నంత సిగ్గు. జేబులోంచి రోటర్ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఇది లేక లేవడం లేదు. పెట్టె మంచిదే."

బామ్మర్ది పకపకా నవ్వాడు. "ఓరి నాయనో! జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా బావా?"

ఆవిడ నవ్వలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మీ జేబులో ఎందుకుంది?"

"దొంగలు... రాత్రిళ్ళు... రోజూ తీసేస్తాను."

"రోజూనా?" ఆవిడ గొంతు మారింది. "ఇన్నేళ్ళలో ఒక్క దొంగ వచ్చాడా?"

"రాలేదు."

"మరి ఈ ఇంట్లో కారు తాళం తీయగలిగింది ఎవరు? నేనే కదా. అంటే దొంగని నేనన్నమాట. పోయినేడు మా అమ్మ ఊపిరాడక ఫోను చేసింది. మీరు ఊళ్ళో లేరు. ఇక్కడే కూర్చుని తాళం తిప్పీ తిప్పీ ఏడ్చాను. మీ చెయ్యి పడలేదు, అందుకే లేవడం లేదనుకున్నాను. బస్సు పట్టుకుని వెళ్ళేసరికి పక్కింటివాళ్ళు ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. ఏదో బతికి బయటపడింది."

బామ్మర్ది నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఆ రోజు రోటర్ తనతోపాటే ఊరెళ్ళిందని మాస్టారికి గుర్తొచ్చింది.

"ఎక్కడ పెట్టాలో చూపించండి" అంది ఆవిడ.

బామ్మర్ది కొత్త ముక్క మళ్ళీ బిగించాడు. మాస్టారు వణికే వేలితోనే ఇరుసు నెత్తి చూపించాడు. ఆవిడ రోటర్‌ని దానిమీద పెట్టి బొటనవేలితో అదిమింది. మూత వేసి, క్లిప్పులు నొక్కి, వెళ్ళి తాళం తిప్పింది.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, మొండితనం లేదు. మాస్టారి చేతికింద అది ఇంత హాయిగా ఏనాడూ తిరగలేదు. ఆవిడ వెనక్కి చూడకుండా గేటు దాటించింది. వెనక అద్దంలోంచి ఎలుగుబంటి మాత్రం చివరిదాకా చూస్తూ వెళ్ళింది.

బామ్మర్ది కూడా స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. మాస్టారు గేటుకీ షెడ్డుకీ మధ్య తిరిగాడు. కారు వస్తుందో రాదోనని కాదు ఇప్పుడు భయం, ఆవిడ ఏ మొహంతో వస్తుందోనని. వీధిలో ఏ బండి చప్పుడైనా ఉలిక్కిపడ్డాడు.

ఎండ తగ్గాక వచ్చింది. వేషాలు అందాయి, వచ్చే ఏటికీ ఆవిణ్ణే కుట్టమన్నారు. ఆ సంగతి కారు దిగుతూనే చెప్పింది, కానీ ఆయన వైపు చూడకుండా గాలికి చెప్పినట్టు చెప్పింది. బానెట్ ఎత్తింది. క్లిప్పులు ఊడదీసి రోటర్ బయటికి లాగింది.

మాస్టారు అలవాటుగా చెయ్యి ముందుకి చాచాడు.

ఆవిడ దాన్ని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేసింది. "ఇకనుంచీ ఈ బండికి నా చెయ్యి పడాలి. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చుంటారు."

"నేను రానంటే?"

"మిమ్మల్ని అడగలేదు."

చాచిన చెయ్యి వణుకుతూనే జేబులోకి తిరిగిపోబోయింది. ఆవిడ మధ్యలోనే పట్టుకుంది.

"మీమీద కోపం ఇంకా పోలేదు, ఇప్పట్లో పోదు కూడా" అంది. "లోపలికి రండి, టీ పెడతాను. ఇవాళ కప్పు నిండా పోస్తా. ఒలికితే ఒలికింది, తుడుచుకుందాం."